బట్టీ లేకుండ చేయదగిన బొరుగుల కోకో పలకలు

మిఠాయిలు గట్టిపడు విధములు రెండు. కొన్ని వేడిలో కాలి గట్టిపడును. కొన్ని వేడి తగ్గిన పిమ్మట గట్టిపడును. రొట్టె, బిస్కత్తు, కేకు మొదటి జాతికి చెందినవి. వానికి నాలుగు ప్రక్కల నుండియు సమముగా వేడి తగులునట్టి బట్టీ కావలయును. మన యిండ్లలో చేయు వేరుశనగ యుండలు, నువ్వుల యుండలు, బొరుగుల యుండలు రెండవ జాతికి చెందినవి. వీనికి ఒక పొయ్యి, ఒక బాణలి, ఒక పళ్ళెము చాలును. కర్నూలు, కడప ప్రాంతములలో బట్టీ యన్నది బేకరీలలోనే గాని యిండ్లలో అరుదు గనుక, ఈ రెండవ జాతి మిఠాయిని గూర్చియే యిచ్చట వ్రాయుచున్నాము.

ఇందులకు మఱియొక కారణము గలదు. మా విద్యార్థులు ఫోను తెరలపై అమెరికా దేశపు మిఠాయి పలకలను చూచి, అవి మన మెట్లు చేయవచ్చునని తఱచుగా అడుగుచున్నారు. ఆ పలకలలో మార్ష్‌మాలో అను తెల్లని మెత్తని మిఠాయిని వెన్నతో కరగించి, చాక్లెట్టు చేర్చి, పొంగించిన బియ్యపుగింజలతో కలిపి, పళ్ళెములో అదిమి ఆఱనిత్తురు. ఇది చూచుటకు క్రొత్తగా నున్నను ఇందలి మర్మము మనకు క్రొత్త కాదు. 1939వ సంవత్సరమున మిషిగన్ రాష్ట్రమందలి బ్యాటిల్ క్రీక్ పట్టణమున, కెల్లాగ్ కంపెనీ వారి వంటశాలలో పనిచేయుచుండిన మిల్‌డ్రెడ్ డే, మలిట్టా జెన్సన్ అను ఇద్దఱు స్త్రీలు ఆ దేశమున ఈ పద్ధతిని సిద్ధపఱచిరి. పొంగిన బియ్యము, దానిని పట్టి యుంచుటకు జిగురు వంటి తీపి: ఇంతియే అందలి సారము. మన బొరుగుల యుండయందును ఇదియే గలదు. వారి జిగురు మార్ష్‌మాలో, మన జిగురు బెల్లపు పాకము.

బొరుగుల మాట వచ్చినది గనుక ఒక్క సంగతి చెప్పి ముందుకు సాగెదము. కోస్తా వారు మరమరాలనెడి వీనిని మన ప్రాంతమున బొరుగులందురు. వీనిని నానబెట్టి ఉగ్గాణి చేసి, మిరపకాయ బజ్జీతో తినని వారు ఇచ్చట నెవరు? వడ్లను ఉడికించి, ఎండబెట్టి, దంచి, ఆ బియ్యమునకు ఉప్పునీరు పట్టించి, కాగిన యిసుకలో వేసి కలియబెట్టగా, గింజలోపలి కొద్దిపాటి తేమ ఒక్కసారిగా ఆవిరియై గింజను ఉబ్బించును. అమెరికాలో అలెగ్జాండర్ ఆండర్సన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1901లో గింజలను పొంగించు విధమును కనుగొనెను. 1904లో సెయింట్ లూయీ ప్రదర్శనమున ఫిరంగుల నుండి బియ్యమును పేల్చి చూపగా జనులు ఆశ్చర్యపడిరి. మన బొరుగుల బట్టీ వాడు ఫిరంగి లేకుండగనే ఆ పనిని చేయుచున్నాడు.

ఇక మార్ష్‌మాలో ఏమిటో విచారింతము. ఆ పేరు నిజమునకు ఒక మొక్కది. అది బురదనేలలలో పెరుగును. మన బెండ, గోగు, ప్రత్తి, మందారము చేరిన కుటుంబములోనిదే. బెండకాయ కోసినపుడు కనబడు జిగట వంటి జిగటయే దాని వేరునందు గలదు. పూర్వము ఆ వేరు జిగటకు చక్కెర చేర్చి గొంతునొప్పికి మందుగా చప్పరించుచుండిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు మిఠాయివారు దానిని గిలకొట్టి గాలి నింపి మెత్తని తినుబండారముగ చేసిరి. తరువాత వేరు జిగటకు బదులు జెలాటిన్ వచ్చినది. నేడు అంగడిలో దొరకు మార్ష్‌మాలోలో ఆ మొక్క పేరు మాత్రమే మిగిలినది. చక్కెర పాకము, జెలాటిన్, గాలి: ఇవియే అందున్నవి.

జెలాటిన్ అనగా నేమి? పశువుల చర్మములను, ఎముకలను ఉడికించి తీసిన పదార్థము. ఆవుది గావచ్చును, పందిది గావచ్చును. ఇచ్చట మన విద్యార్థులును వారి తలిదండ్రులును ఒక నిమిషము నిలువవలెను. ఒకే బెంచీమీద హిందువుల బిడ్డలు, ముసల్మానుల బిడ్డలు, క్రైస్తవుల బిడ్డలు కూర్చుండు పాఠశాలలో, పండుగనాడు ఒక పళ్ళెము అందఱి ముందునకును పోవును. చిన్నబిడ్డకు జెలాటిన్ సంగతి తెలియదు. తీపి గనుక తీసికొనును. ఆ సాయంకాలము ఇంట దానిని గూర్చి అడిగినపుడు ఆ బిడ్డ యేమి చెప్పగలడు? పంచిపెట్టు వారికి సదుద్దేశమే యున్నను, తినినవారి యింటివారికి గలుగు బాధ తక్కువ గాదు. పొట్లముపై శాకాహారమును తెలుపు ఆకుపచ్చ గుర్తు చతురస్రములో గుండ్రముగ నుండును. అది లేనిచో పంచిపెట్టు పళ్ళెములో ఆ వస్తువును చేర్చరాదని మా అభిప్రాయము. జెలాటిన్‌కు బదులుగా సముద్రపు నాచు నుండి తీయు అగర్ దొరకును. దానినే అంగడివారు చైనా గడ్డి యందురు. పాలతో చేయు మెత్తని మిఠాయిలకు అది మిక్కిలి తగును. కాని బొరుగులకు తగదు, ఏలయన అందలి నీటికి బొరుగులు మెత్తబడిపోవును.

మతాచారముల మాట అటుండ నిండు, మన యెండయు మార్ష్‌మాలోను, చాక్లెట్టును ఒప్పుకొనదు. చాక్లెట్టులోని కోకో వెన్న సుమారు 34 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. మన శరీరపు వేడి 37 డిగ్రీలు గనుకనే అది నోట వేసికొనగానే కరగి రుచి నిచ్చును. కాని కర్నూలులోను కడపలోను వేసవి పగటి వేడి 40 డిగ్రీలు దాటుట సామాన్యము. అట్టి దినమున బల్లమీది చాక్లెట్టు నోటికి రాకమునుపే కరగును. కరగినది మరల గట్టిపడినచో దానిపై తెల్లని చారలు కనబడును. అది బూజు గాదు. వెన్న పైకి తేలుటచే గలిగినది. తినవచ్చును, కాని చూపునకు బాగుండదు. జెలాటిన్ పెరుగువలె పేరుకొనినదియు దాదాపు ఆ వేడికే కరగి నీరగును. చల్లని దేశములవారి వంటను అక్షరాల అనుసరించిన మనకు పలకలు రావు, పాయసము వచ్చును.

అయినను బిడ్డలు కోరునది కోకో రుచియే గదా! దానికి ఉపాయము కోకో పొడి. 1828లో హాలండు దేశపు వాన్ హౌటెన్ అనువారు కోకో గింజల ముద్దను గట్టిగా నొక్కి, అందలి వెన్నలో పెద్దభాగమును వేఱుచేయు యంత్రమునకు హక్కు పొందిరి. వెన్న తీయగా మిగిలిన చెక్కను పొడిచేసినదే కోకో పొడి. అందు వెన్న తక్కువ గనుక ఎండకు జాఱదు. రుచియు రంగును మాత్రము విడువదు. ఈ కోకో చెట్టు దక్షిణ అమెరికా నుండి వచ్చినదైనను నేడు మన రాష్ట్రమునకు పరాయిది గాదు. గోదావరి ప్రాంతపు కొబ్బరి తోటల నీడలో దీనిని విరివిగా పెంచుచున్నారు. భారతదేశమున కోకో పంటకు ఆంధ్రప్రదేశమే ముందున్నది.

పలకలకు కావలసిన వస్తువులు: శుభ్రమైన బొరుగులు 100 గ్రాములు, పొట్టు తీసిన వేయించిన వేరుశనగ విత్తనములు 100 గ్రాములు, బెల్లము 250 గ్రాములు, నీరు పావు గ్లాసు, నెయ్యి రెండు చెంచాలు, కోకో పొడి రెండు పెద్ద చెంచాలు. ఉప్పు వేఱుగా వేయనక్కఱలేదు. బొరుగులలో నదివరకే యున్నది.

వేరుశనగ యెన్నికను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. మనవారు శెనక్కాయలనియు, కొన్ని యూళ్లలో బుడ్డలనియు పిలుచు ఈ పంటయే మన మెట్టపొలములకు ఆధారము. మంచి గింజలను సంతకు పంపి, ముడుతలు పడినవి, పగిలినవి, రంగు మాఱినవి యింటి వాడుకకు ఉంచుకొను అలవాటు అనేక కుటుంబములలో గలదు. పేదఱికమే దానికి కారణమని మే మెఱుగుదుము. నిందించుటకు వ్రాయుట లేదు. అయినను ఈ అలవాటు ప్రమాదకరము. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కారణము తెలియక చచ్చినవి. విచారింపగా వానికి పెట్టిన వేరుశనగ పిండిలో బూజు పట్టి, ఆ బూజునుండి విషము పుట్టినదని తేలినది. ఆ విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు. అది కాలేయమును పాడుచేయును. చిరకాలము కొద్దికొద్దిగా లోపలికి పోయినను కాలేయమున పుట్టకురుపునకు కారణము కాగలదు. వేయించినంత మాత్రమున అది పూర్తిగా నశింపదు. పంట చివరిదశలో వానలు లేక మొక్క వాడినపుడు, నేలలో నుండగనే కాయలకు ఈ బూజు సోకుట హెచ్చు. మన సీమలో ఆ దశలో వానలు మొగము చాటువేయుట క్రొత్త గాదు. 1972లో పటాన్‌చెఱువున స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధనాలయము వారు ఈ విషమును తక్కువ ఖర్చుతో పరీక్షించు విధమును సిద్ధపఱచిరి. ఇంటిలో మనము చేయగలిగినది చేతితో ఏఱుటయే. ముడుతలు పడినవి, నల్లబడినవి, పసుపుపచ్చని లేక ఆకుపచ్చని బూజు గలవి, చేదుగా నున్నవి పాఱవేయవలెను. కోళ్లకును పశువులకును పెట్టరాదు. ఆ విషము పాలలోనికి వచ్చును. ఒక పిడికెడు గింజలు పోయిన నష్టము పిడికెడే.

కొందఱు బిడ్డలకు మంచి వేరుశనగయు పడదు. తినగానే దద్దురులు, ఊపిరాడకపోవుట గలుగును. అట్టివారున్నారేమో ముందు అడిగి, యున్నచో వేరుశనగను పూర్తిగా మాని బొరుగులను కొంచెము హెచ్చించవలెను.

ఇప్పుడు పాకము. ఇదియే ఈ పాఠమునకు గుండెకాయ. నీరు 100 డిగ్రీలకు మఱుగును. చక్కెరగాని బెల్లముగాని కరగియున్న నీరు అంతకంటె హెచ్చు వేడికి మఱుగును. మఱిగినకొలది నీరు ఆవిరియై పోవును, తీపి చిక్కబడును, మఱుగు వేడియు పెఱుగును. కాబట్టి పాకపు వేడిని బట్టి అందు నీరెంత మిగిలినదో చెప్పవచ్చును. చక్కెర పాకము సుమారు 115 డిగ్రీలకు వచ్చినపుడు 100 పాళ్లలో 85 పాళ్లు చక్కెర. అది నీటిలో వేసిన మెత్తని యుండ యగును. 121 మొదలు 130 డిగ్రీల నడుమ సుమారు 92 పాళ్లు; అది గట్టి యుండ. 150 డిగ్రీలకు 99 పాళ్లు. అది పుటుక్కున విఱుగును. బెల్లమునకును ఈ లెక్క కొంచె మించుమించుగా సరిపోవును. మన పెద్దలు ఉష్ణమాపకము లేకయే గిన్నెడు చన్నీటిలో ఒక చుక్క వేసి, వ్రేళ్లతో ఉండచేసి, గిన్నె అంచుకు కొట్టి ఠంగుమను ధ్వనిని వినెడివారు. ఇది చక్కని ప్రయోగము. విజ్ఞానశాస్త్ర తరగతిలో చూపదగినది. చిక్కీకి విఱుగు పాకము కావలెను గాని, మన పలకలకు గట్టి యుండ పాకమే మేలు. అవ్వాతాతల పండ్లకును మర్యాద నుండవలెను గదా!

మొదట బొరుగులను చెఱిగి, చిన్నమంటపై నూనె లేకుండ రెండు నిమిషములు వేడిచేయవలెను. రెండు వ్రేళ్ల నడుమ నలిపిన పొడియగునట్లుండవలెను. పాకము చేరువఱకు అవి వెచ్చగానే యుండవలెను; చల్లని గింజలలో పడిన పాకము కలిసికొనకమునుపే బిగుసుకొనును. బెల్లమును నీటిలో కరగించి గుడ్డతో వడకట్టుట మఱువరాదు. ఇసుకయు చెఱకుపీచును దాదాపు ప్రతి యచ్చులోను కనబడును. ముదురు రంగు బెల్లమునకు జంకనక్కఱలేదు. మిక్కిలి తెల్లగా మెఱయు బెల్లమునే సందేహింపవలెను, రంగు కొఱకు హైడ్రోసు కలుపుట గలదు. వడకట్టినదానిని మరల పొయ్యిమీద నుంచి కలియబెట్టుచుండవలెను. నురుగు చిన్నదై, పాకము సాగి, ఉండ గట్టిపడి ఠంగుమన్నంతనే మంట ఆర్పవలెను. కోకో పొడిని కాచిన నెయ్యిలో ముందే కలిపి యుంచుకొని అపుడు పాకములో పోయవలెను. పొడిగానే వేసినచో గడ్డలు కట్టును. వెంటనే బొరుగులు, వేరుశనగ వేసి గరిటెతో అడుగునుండి త్రిప్పి కలుపవలెను.

నెయ్యి రాచిన పళ్ళెములో పోసి, నెయ్యి పూసిన గిన్నె అడుగుతో అదుమవలెను. మితిమీఱి అదిమిన బొరుగులు నలిగి యిటుకవలె నగును. తక్కువైన పలక విడిపోవును. మధ్యరకముగా నదిమి, గోరువెచ్చగా నుండగనే కత్తితో గీతలు గీయవలెను. పూర్తిగా ఆఱిన తరువాత కోసిన ముక్కలు చెక్కలుగా పగులును.

చిన్నపిల్లలు పొయ్యివద్ద పాకమును తాకకుండ చూచుట పెద్దల భారము. పాకము నీటికంటె వేడిదగుటయే గాక చర్మమునకు అంటుకొనిపోవును గనుక ఎక్కువ కాల్చును. పొరపాటున పడినచో పారు చన్నీటి క్రింద 20 నిమిషములు ఉంచవలెను. సిరా, పండ్లపొడి, పసుపు పూయరాదు, మంచుగడ్డయు పెట్టరాదు. పెద్ద గాయమైన వైద్యశాలకు పోవలెను. పిల్లలకు ఏఱుట, చెఱుగుట, కొలుచుట, గీతలు గీయుట మిగులును. అవియు చిన్నపనులు కావు.

బెల్లము గాలిలోని తేమను పీల్చును. మన పొడి గాలిలో మూతబిగువైన డబ్బాలో ఈ పలకలు పదిదినములు కరకరలాడుచుండును. వానకాలమున రెండుమూడు దినములకే మెత్తబడును. అపుడు కొద్దిగానే చేసికొనుట మేలు. పలకలు కోయగా అంచులలో రాలిన పొడిని వేడిపాలలో వేసిన, ఉదయము బడికి పోవు బిడ్డకు ఒక గిన్నెడు ఫలహారమగును.