రోటవేటరు షాఫ్టు: వంపు, పొడవు, తొడుగు

రోటవేటరు కొనిన రైతు దాని కత్తులు అరిగినవా, బోల్టులు వదులైనవా అని చూచుకొనును. కాని ట్రాక్టరు బలమును రోటవేటరుకు చేరవేయు షాఫ్టును, అది తిరుగుచున్నంతకాలము, తలచుకొనడు. నాట్ల వేళ క్రాసు విరిగిన దినముననే అది జ్ఞాపకమునకు వచ్చును. దమ్ము ఆగిపోవును, కూలీలు గట్టుమీద కూర్చుందురు, నారు ముదురును. ఈ నష్టములో చాల భాగము ముందు జాగ్రత్తతో తప్పించుకొనదగినదే.

షాఫ్టు పనిచేయు విధము

ట్రాక్టరు వెనుకనుండు పి.టి.ఓ. సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు తిరుగును. పి.టి.ఓ.కును రోటవేటరు గేరు పెట్టెకును నడుమ నుండు షాఫ్టుకు రెండు కొనలయందును ఒక్కొక్క క్రాసు జాయింటు కలదు. ఎదురెదురుగా రెండు పంగలు, వాటి నడుమ కూడిక గుర్తు ఆకారముగల క్రాసు, ఇదియే ఆ జాయింటు. జీపు క్రింద చక్రములకు బలము నందించు షాఫ్టులందును ఇట్టి జాయింట్లే ఉండును. జీపు ఎత్తును పెంచినచో ఆ షాఫ్టు ఏటవాలై అదరుట కలదు. రోటవేటరును ఎత్తినప్పుడును జరుగునది అదియే.

షాఫ్టు తిన్నగా ఉన్నంతవరకు జాయింటుకు రెండు వైపులను ఒకే వేగముండును. వంగినప్పుడు, ఒక వైపు సమముగా తిరుగుచున్నను, రెండవ వైపు ప్రతి చుట్టులోను రెండుమార్లు వేగము హెచ్చి రెండుమార్లు తగ్గును. 15 డిగ్రీల వంపులో 540 చుట్ల వేగము 522కు 559కి నడుమ ఊగును. 30 డిగ్రీలలో 468కి 624కు నడుమ ఊగును. అనగా వంపు రెట్టింపైనచో ఊపు నాలుగు రెట్లు దాటును. ఈ ఊపే క్రాసు బేరింగులను, గేరు పెట్టెను త్వరగా చెరచును.

ఊపును అణచుట

మొదటి జాయింటు పుట్టించిన ఊపును రెండవ జాయింటు రద్దు చేయగలదు. అందుకు రెండు సంగతులు సరిగా ఉండవలెను.

మొదటిది, నడిమి షాఫ్టుకు రెండు కొనలనున్న పంగలు ఒకే వరుసలో నుండవలెను. చదరపు గొట్టముగల షాఫ్టును ఊడదీసి తిరిగి కూర్చునప్పుడు పంగలు పావు చుట్టు తప్పిపోవచ్చును. అప్పుడు ఊపు తగ్గుటకు మారుగా ఇంకను పెరుగును.

రెండవది, రెండు కొనలందును వంపు సమముగా నుండవలెను. రోటవేటరును పనిచేయు లోతునకు దించి, ఇంజను ఆపి, ప్రక్కనుండి చూడుడు. పి.టి.ఓ. కొనయు గేరు పెట్టె కొనయు సమాంతరముగా నుండునట్లు టాప్ లింకును పొడిగించి గాని, కుదించి గాని సరిచేయవలెను.

ఎత్తునప్పుడు

మడి చివర మలుపువద్ద, గట్టు దాటునప్పుడు, పి.టి.ఓ. తిరుగుచుండగనే రోటవేటరును పూర్తిగా ఎత్తుట పెక్కుమందికి అలవాటు. ఆ ఎత్తులో వంపు హెచ్చుటయే గాక, రెండు కొనల వంపులును సమముగా నుండవు. షాఫ్టు అదరుట, టకటక శబ్దము వచ్చుట దీని గుర్తులు. మలుపులో కత్తులు నేలను విడుచునంత మాత్రమే ఎత్తవలెను. గట్టు దాటుటకు, రోడ్డుపై పోవుటకు ముందుగా పి.టి.ఓ.ను ఆపి, పిదప పూర్తిగా ఎత్తవలెను. ఎంత వంపువరకు తిప్పవచ్చునో యంత్రముతో ఇచ్చిన పుస్తకములో చూచుకొనవలెను.

పొడవు, ఎడము

ట్రాక్టరు మారినచో షాఫ్టు పొడవును తప్పక పరీక్షింపవలెను. షాఫ్టు తిన్నగా వచ్చు ఎత్తున రెండు కొనల నడుమ దూరము మిక్కిలి తక్కువ. అక్కడ లోపలి గొట్టము చివర తగులకుండ సుమారు 25 మిల్లీమీటర్ల ఎడము మిగులవలెను. మిగలనిచో షాఫ్టు ట్రాక్టరు పి.టి.ఓ. బేరింగును నెట్టి పాడుచేయును. షాఫ్టు మిక్కిలి సాగిన స్థితిలో గొట్టములు కనీసము మూడవవంతు ఒకదానిలో ఒకటి ఉండవలెను. కోయవలసివచ్చినచో లోపలి గొట్టమును, వెలుపలి గొట్టమును, వాటి తొడుగులను ఒకే కొలతగా కోసి, అంచులను ఆకురాయితో నునుపుచేసి, గ్రీజు పూయవలెను.

ట్రాక్టరు డ్రాబార్ షాఫ్టుకు తగులునేమో చూడవలెను. తగులునట్లున్నచో దానిని తీసివేయవలెను. చూచునప్పుడు ఇంజను ఆపి, ఎత్తిన రోటవేటరు క్రింద గట్టి దిమ్మెలు పెట్టవలెను. కేవలము హైడ్రాలిక్‌ను నమ్మి దాని క్రింద దూరరాదు.

తొడుగు

షాఫ్టుపై నుండు ప్లాస్టిక్ తొడుగును తీసివేయరాదు. పగిలినచో క్రొత్తది వేయవలెను. దాని గొలుసును కదలని భాగమునకు కట్టవలెను. అప్పుడే తొడుగు షాఫ్టుతో తిరుగక నిలుచును. 10 సెంటీమీటర్ల అడ్డుకొలతగల జాయింటు సెకనుకు సుమారు 2.8 మీటర్ల గుడ్డను చుట్టుకొనును. లుంగీ అంచు గాని, తువ్వాలు కొస గాని, చీర చెంగు గాని తగిలినచో మనిషి చేయి విదల్చుకొనులోపలనే ప్రాణము మీదికి వచ్చును. తిరుగు షాఫ్టును దాటరాదు, పిల్లలను దరికి రానీయరాదు.

దమ్ములో బురదనీరు గ్రీజును కడిగివేయును గనుక ప్రతిదినము పని ముగిసిన పిదప, ఇంజను ఆపి, క్రాసులకు గ్రీజు కొట్టవలెను. షాఫ్టు తొడిగినప్పుడు లాకు పిన్ను గాడిలో కూర్చున్నదో లేదో లాగి చూడవలెను. తొలకరికి ముందే ఒక పూట కేటాయించి పంగల వరుస, రెండు కొనల వంపు, పొడవు, తొడుగు వరుసగా పరీక్షించుకొనుడు.