మొదటి ఆప్షన్ రాకపోయినా మొదటి ఏడాది మీ చేతిలోనే

'కోరుకున్న కాలేజీలో సీటు రాలేదు. వచ్చినచోట చేరాలా, ఇంకో ఏడాది ఆగాలా?' కౌన్సెలింగ్ రోజుల్లో కావలి, అల్లూరు, ముత్తుకూరు, కోట... నెల్లూరు తీరం వెంట ఏ ఊరికెళ్లినా, ఇంటర్ పాసైన పిల్లలున్న ఇంట్లో ఇదే చర్చ. సీటు వచ్చినవాళ్లలోనూ సగం దిగులుగానే బ్యాగు సర్దుకుంటారు. ఆ దిగులుతోనే క్లాసులో కూర్చుంటారు. మొదటి సెమిస్టర్ అలాగే జారిపోతుంది.

ముందుగా ఒక లెక్క చూడండి. 2024లో నీట్ రాసినవారు దేశమంతటా 23 లక్షలకు పైనే. ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త పైన. సుమారుగా ఇరవై మందికి ఒక సీటు. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో కాలేజీల్లో కొత్తగా చేరేవారిపై 1966లో మొదలైన పెద్ద సర్వే ఒకటి ఉంది. 2013లో ఆ సర్వే ప్రకారం తమ మొదటి ఛాయిస్ కాలేజీలో సీటు వచ్చినవారు నలుగురిలో ముగ్గురు. తీరా అక్కడ చేరినవారు సగానికి కొంచెం పైగా మాత్రమే. ఫీజు భారం అందుకు ఒక ముఖ్య కారణం. కాబట్టి మొదటి కోరిక తీరకపోవడం మీ ఒక్కరికే జరిగిన అన్యాయం అనుకోకండి. చాలామంది విద్యార్థులు ఇలాగే కాలేజీ గడప తొక్కుతారు.

ఆ మొదటి ఆప్షన్ ఎవరిది?

వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు నెట్ సెంటర్ దగ్గర కాసేపు నిలబడితే విషయం అర్థమవుతుంది. కంప్యూటర్ ముందు ఆపరేటర్, పక్కన కాగితం పట్టుకుని తండ్రి, ఫోన్‌లో హైదరాబాద్ నుంచి మేనమామ. 'సీఎస్ఈ అయితేనే పెట్టు' అని ఒకరు, 'ఆ కాలేజీ వద్దు, దూరం' అని ఇంకొకరు. సీటు ఎవరికోసమో ఆ అబ్బాయి వెనక నిలబడి ఉంటాడు. ఇలా పెట్టిన మొదటి ఆప్షన్ వచ్చినా అది అతని కోరిక కాదు. రాలేదని బాధపడితే ఆ బాధా సగం ఇంట్లోవాళ్లదే.

ఆప్షన్లలో మన ప్రాంతానికి ప్రత్యేకంగా తెలియాల్సిన సంగతి ఒకటుంది. కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానికులకు. పాత ఉమ్మడి జిల్లాల లెక్కన నెల్లూరు శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ పరిధిలో, ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలో ఉన్నాయి. చదువంతా కావలిలో సాగినవారికి ఒంగోలు పక్కనే ఉన్నట్టనిపించినా అక్కడ నాన్‌లోకల్. ఎక్కడో ఉన్న అనంతపురం, కర్నూలులో మాత్రం లోకల్. స్థానికత ఇంటి చిరునామాను బట్టి కాదు, ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి చూస్తారు. ఇది తెలియక ఒంగోలు, విజయవాడ కాలేజీలతో జాబితా నింపి, పాత ర్యాంకులు చూసుకుని ఆశపెట్టుకుని, అలాట్‌మెంట్ రోజు కుంగిపోయేవారున్నారు. పాత ర్యాంకులు చూసేటప్పుడు మీ పరిధి, మీ కేటగిరీ కాలమ్ చూడండి. ఆశ సరైన చోట పెట్టుకుంటే సగం నిరాశ అక్కడే తగ్గుతుంది.

సర్దుకోవడం అంటే నాలుగు పనులు

అమెరికన్ మనస్తత్వవేత్తలు రాబర్ట్ బేకర్, బోదాన్ సిరిక్ 1984లో కొత్త విద్యార్థులు కాలేజీలో ఎలా కుదురుకుంటున్నారో కొలిచే ప్రశ్నావళి ఒకటి తయారుచేశారు. నేటికీ ఎన్నో దేశాల్లో పరిశోధకులు దాన్ని వాడుతున్నారు. అందులో నాలుగు అంశాలున్నాయి: చదువులో నిలదొక్కుకోవడం, తోటివారితో కలవడం, మనసూ ఆరోగ్యమూ నిలకడగా ఉండటం, 'ఇది నా కాలేజీ' అనిపించడం.

మొదటి ఆప్షన్ వచ్చినవారికి ఈ నాలుగోది మొదటి రోజే దొరుకుతుంది. వాళ్లకున్న అదనపు బలం అదే. అది చిన్నదేమీ కాదు. ఇష్టపడి వచ్చినచోట మెస్ తిండి బాగాలేకపోయినా, గది ఇరుకైనా ఓర్చుకోగలరు. కానీ మిగతా మూడూ ఎవరికీ అలాట్‌మెంట్ లెటర్‌తో రావు. అందరూ కష్టపడి తెచ్చుకోవాల్సినవే. ఆ మూడూ కుదిరితే నాలుగోది దానంతటదే వస్తుంది. చదువులోనూ తోటివారిలోనూ కలిసిపోయిన విద్యార్థి కాలేజీ వదిలి వెళ్లే అవకాశం తక్కువని విద్యా పరిశోధకుడు విన్సెంట్ టింటో 1975లోనే వివరించారు.

ముత్తుకూరు చెప్పే పాఠం

నెల్లూరుకు తూర్పున, కృష్ణపట్నం పోర్టుకు వెళ్లే దారిలో ముత్తుకూరు ఉంది. అక్కడి మత్స్య శాస్త్ర కళాశాల 1991లో మొదలైంది. నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ కోర్సు. సీటు ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో వస్తుంది. బైపీసీ చదివినవారిలో ఎక్కువమంది మొదటి కల తెల్లకోటు, స్టెతస్కోపు. నీట్‌లో అది దక్కకపోతే అగ్రికల్చర్, వెటర్నరీ, ఆ తర్వాత ఫిషరీస్. అంటే మూడో నాలుగో ఛాయిస్‌గా ఇక్కడికి వచ్చేవారూ ఉంటారు.

అలా వచ్చిన అమ్మాయి మొదటి నెలల్లో ఏం చేస్తుందో ఊహించండి. ల్యాబ్‌లో చేపను కోసి మొప్పలు, గాలితిత్తి గుర్తించాలి. చెరువు నీళ్లు తెచ్చి మైక్రోస్కోప్ కింద ప్లవకాలు చూడాలి. నీటిలో ఆక్సిజన్ ఎంతుందో, ఉప్పు శాతం ఎంతుందో కొలవాలి. 'నేను చదవాలనుకున్నది ఇది కాదు' అనుకుంటూ చేస్తే చేతికంటిన చేప వాసన ఒక్కటే గుర్తుంటుంది. అదే అమ్మాయి ఆదివారం ఇందుకూరుపేట వైపో విడవలూరు వైపో వెళ్లి రొయ్యల గుంట గట్టు మీద రైతుతో పది నిమిషాలు మాట్లాడితే సంగతి మారుతుంది. అర్ధరాత్రి కరెంటు పోయి, నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే రొయ్య ఎందుకు తేలుతుందో, ఒక్క రాత్రిలో లక్షల పెట్టుబడి ఎలా పోతుందో ఆయన చెబుతాడు. ల్యాబ్‌లో తాను కొలిచిన ఆక్సిజన్ లెక్క ఆ రైతు ఇంటి బతుకని ఆమెకు అప్పుడు తెలుస్తుంది.

ఈ చదువుకు ముందు దారి కూడా ఉంది. నాలుగో సంవత్సరంలో హేచరీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లలో శిక్షణ. తర్వాత ఐసీఏఆర్ ప్రవేశ పరీక్ష రాసి 1961లో ముంబయిలో ఏర్పడిన కేంద్ర మత్స్య విద్యా సంస్థ లాంటి చోట్ల పీజీ. మత్స్యశాఖలో ఉద్యోగాలు, మేత కంపెనీలు, హేచరీలు, ఎగుమతి సంస్థలు, బ్యాంకులు. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఇంత పెద్ద రంగం ఇంటి ముందు పెట్టుకుని 'డాక్టర్ కాలేకపోయాను' అని నాలుగేళ్లు కుమిలిపోవడం నష్టం.

ఇంజనీరింగ్‌కూ ఇదే వర్తిస్తుంది. కోట దగ్గరి విద్యానగర్‌లో ఎన్‌బీకేఆర్ ఇంజనీరింగ్ కాలేజీ 1979 నుంచి ఉంది. కృష్ణపట్నంలో పోర్టు, నేలటూరులో థర్మల్ విద్యుత్ కేంద్రం, దక్షిణాన శ్రీసిటీ పరిశ్రమలు, శ్రీహరికోట. సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్ వచ్చిందని బాధపడే విద్యార్థికి తన సబ్జెక్టు పనిచేసే చోటు బస్సు దూరంలోనే ఉంది.

మొదటి ఆప్షన్ వచ్చినవారూ జాగ్రత్త

కోరుకున్న కాలేజీ దొరికినవారికి వేరే చిక్కు ఉంది. ఇంటర్ కాలేజీలో మొదటి వరుసలో ఉన్న విద్యార్థి, తనలాంటి టాపర్లే నిండిన క్లాసులో ఒక్కసారిగా మధ్యలో నిలబడతాడు. మొదటి మిడ్ పరీక్షలో తక్కువ మార్కులు వస్తే తన తెలివి మీదే అనుమానం మొదలవుతుంది.

మన పిల్లలకు ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. నారాయణ విద్యాసంస్థలు 1979లో మొదలైంది నెల్లూరులోనే. రెసిడెన్షియల్ ఇంటర్ చదువుకు అలవాటుపడిన నేల ఇది. తెల్లవారకముందే స్టడీ అవర్, వారం వారం పరీక్ష, ప్రతి గంటకూ ఒక ఇన్‌చార్జి. రెండేళ్లు అలా గడిచాక డిగ్రీలోనో బీటెక్‌లోనో సాయంత్రం నాలుగు తర్వాత అడిగేవారు ఉండరు. ఆ ఖాళీని ఫోన్ మింగేస్తుంది. మొదటి ఏడాది బ్యాక్‌లాగ్‌లలో చాలావాటికి మూలం తెలివి తక్కువ కావడం కాదు, తన టైమ్‌టేబుల్ తాను వేసుకునే అలవాటు లేకపోవడం. కాలేజీ ఏ ఆప్షన్‌దైనా ఈ అలవాటు చేసుకోక తప్పదు.

రెండు పడవల మీద కాళ్లు వద్దు

చేరిన తర్వాత కూడా 'వచ్చే ఏడాది మళ్లీ రాస్తాను' అంటూ ఊగిసలాడటం మొదటి ఏడాదిని పాడుచేసే పెద్ద కారణం. మనస్తత్వవేత్తలు డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ 2002లో ప్రచురించిన ఒక ప్రయోగం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. హార్వర్డ్‌లో విద్యార్థులకు ఫొటోగ్రఫీ నేర్పి, తాము తీసిన రెండు మంచి ఫొటోల్లో ఒకటే ఉంచుకోమన్నారు. కొందరికి ఇక మార్చుకోవడం కుదరదన్నారు, కొందరికి కొన్ని రోజుల్లోగా మార్చుకోవచ్చన్నారు. చివరికి తమ ఫొటోను ఎక్కువ ఇష్టపడింది మార్చుకునే వీలు లేనివాళ్లే. నిర్ణయం తేలిపోయాకే మనసు దానిలోని మంచిని వెతుక్కుంటుంది.

లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్లడం తప్పని కాదు. కటాఫ్‌కు కొద్ది మార్కుల దూరంలో ఉండి, ఆ కోరిక మీదే అయి, ఇంటి ఆర్థిక స్థితి అనుమతిస్తే ఒక ఏడాది పెట్టండి. చాలా దూరంలో ఉంటే చేరిపోండి. ఏదైనా తేల్చుకుని, ఒక తేదీ పెట్టుకుని ఆ రోజుతో ఆ ఆలోచన ముగించండి.

మొదటి సెమిస్టర్‌లో చేయాల్సినవి

* ఇండక్షన్ ప్రోగ్రామ్ ఎగ్గొట్టవద్దు. ఇంజనీరింగ్‌లో ఏఐసీటీఈ మూడు వారాలు పెట్టమంది. యూజీసీ 2019లో ఇందుకోసమే దీక్షారంభ్ తెచ్చింది. స్నేహాలు కుదిరేది ఆ రోజుల్లోనే.
* హాజరు 75 శాతం కింద పడనీయకండి. నెల్లూరు ఊళ్లోని కాలేజీకి మైపాడు నుంచో కోడూరు నుంచో రోజూ బస్సులో వచ్చేవారు సాయంత్రం ఒక గంట లైబ్రరీలో చదివి బయల్దేరితే, ఇంటికి చేరాక అలసట సాకు కాదు.
* తెలుగు మీడియం నుంచి వచ్చినవారు మొదటి రెండు నెలలు ప్రతి పాఠంలోని సాంకేతిక పదాలను ఒక నోటుబుక్‌లో రాసుకోండి. అర్థం కానిది క్లాసు అయ్యాక అధ్యాపకుడిని తెలుగులోనే అడగండి.
* కోరుకున్న బ్రాంచి రాకపోతే దానిలోని సబ్జెక్టులు 'స్వయం', ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సుల్లో నేర్చుకోవచ్చు. మైనర్ డిగ్రీ ఉందేమో కాలేజీలో కనుక్కోండి.
* ఎన్ఎస్ఎస్, ఆటలు, టెక్నికల్ క్లబ్... ఏదో ఒకదానిలో పేరు ఇవ్వండి.
* ర్యాగింగ్ ఎదురైతే 1800-180-5522, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416. రెండూ ఉచితం.

తల్లిదండ్రులకు ఒక మాట

పెళ్లిలోనో పండగకో నలుగురి ముందు 'వీడికి మంచి కాలేజీ రాలేదు' అనకండి. ఆ మాట మోసుకుని పిల్లవాడు క్లాసుకు వెళ్తాడు. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకు, అర్హత ఉన్నవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. పేరున్న కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు కోసం రొయ్యల గుంట తాకట్టు పెట్టే ముందు ఆ అప్పు తీర్చే భారం ఎవరిదో కూర్చుని లెక్కవేయండి.

స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 1976లో కాలేజీల్లో చేరిన అమెరికన్ల సంపాదనను తర్వాతి ఏళ్లలో పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించారు. పేరున్న కాలేజీలో సీటు వచ్చినా కాస్త తక్కువ పేరున్నచోట చదివినవారి జీతాలు, పెద్ద కాలేజీలో చదివినవారి జీతాలతో ఇంచుమించు సమానంగానే ఉన్నాయి. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ మేలు చేసింది. చేపల వేట, కూలిపని చేసే ఇళ్ల నుంచి వచ్చే విద్యార్థులకు పరిచయాలు, సలహాలు ఇంట్లో దొరకవు. కాలేజీయే ఇవ్వాలి. అలాంటి విద్యార్థికి మంచి కన్వీనర్ సీటు దూరంలో వచ్చినా పంపండి. దగ్గరి చిన్న కాలేజీలోనే చేరాల్సి వస్తే సీనియర్లు, అధ్యాపకులు, పూర్వ విద్యార్థుల పరిచయాలు పట్టుబట్టి సంపాదించుకోమని చెప్పండి.

మొదటి ఆప్షన్ వస్తే సంతోషించండి. రాకపోతే ఒక వారం బాధపడండి, ఆపై కొత్త కాలేజీలో మొదటి బెంచీలో కూర్చోండి. నాలుగేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో మీ ఆప్షన్ నంబర్ ఎవరూ అడగరు. ఏం నేర్చుకున్నారో, ఏం చేసి చూపించగలరో అడుగుతారు. ఆ జవాబు తయారీ ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి.