బడి నిర్వహణలో తల్లిదండ్రులు - పంచాయతీ సభ్యుల కర్తవ్యము

గ్రామమున బడి యున్నంత మాత్రమున పిల్లలకు చదువు వచ్చినదని తలపరాదు. భవనము ప్రభుత్వము కట్టింపవచ్చును, ఉపాధ్యాయులను నియమింపవచ్చును. కాని బిడ్డ ప్రతిదినము బడికి పోవుచున్నదా, పోయి యేమి నేర్చుకొనుచున్నది అని అడుగవలసినవారు తల్లిదండ్రులు. వారు అడుగుటకు వీలు కల్పించుట పంచాయతీ సభ్యుల పని. ఆ పని యెట్లు చేయవలెనో ఈ పాఠమున తెలిసికొందము.

ఈ భావము మన రాష్ట్రమునకు క్రొత్తది కాదు. 1959లో పంచాయతీ రాజ్య వ్యవస్థ ఏర్పడినపుడు ప్రాథమిక పాఠశాలల నిర్వహణ పంచాయతీ సమితులకు అప్పగింపబడినది. 1998లో పాఠశాల విద్యయందు ప్రజల భాగస్వామ్యమునకై ప్రత్యేక చట్టము వచ్చినది. పిదప పార్లమెంటు 2009లో చేసిన ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని 21వ సెక్షను ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకును యాజమాన్య కమిటీ యుండవలెను. సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు. మొత్తముపై సగము మంది స్త్రీలు. బలహీన వర్గముల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యనుబట్టి చోటు కలదు. పంచాయతీకి ఎన్నికైన ప్రతినిధులకును చోటు కలదు. బడి నడచు తీరును కనిపెట్టుట, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయుట, గ్రాంటు సొమ్ము వ్యయమును పరిశీలించుట కమిటీ విధులు. 2019 నవంబరు 14న ప్రారంభమైన 'మన బడి నాడు-నేడు' పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారానే జరిగినవి.

చట్టము ఇంత చేసినను, కమిటీ కాగితముపై నిలిచిపోవుట కలదు. కారణమేమి? విశాఖపట్టణ ప్రాంతమును చూతము. 1933లో ఓడరేవు తెరువబడినది. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. నాటినుండి పనిని వెదకికొనుచు నలుదెసలనుండి కుటుంబములు ఇచ్చటికి వచ్చుచున్నవి. తండ్రి షిఫ్టు పనిలో నుండును. తల్లి భవన నిర్మాణపు కూలికి పోవును. కమిటీ సమావేశము పగలు పదకొండు గంటలకు పెట్టినచో ఆమె ఒకనాటి కూలిని వదలుకొని రావలెను. రాలేకపోయినచో, "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు" అని మనము వ్రాసికొందుము. వారిని నిందించుటకు ముందు సమావేశమును ఏ వేళకు పెట్టితిమో మనము ఆలోచింపవలదా?

కావున పంచాయతీ సభ్యులు మొదట చేయవలసినది, ప్రధానోపాధ్యాయునితో మాటలాడి, కూలిజనమునకు అనుకూలమైన సాయంకాలమునో సెలవుదినమునో నిర్ణయించుట. రెండవది, సమావేశమున జమాఖర్చులను అందరికి వినిపించునట్లు చదివించుట. చదువురాని తల్లికి బడి సంగతి యేమి తెలియునని కొందరు అందురు. ఇది సరికాదు. బిడ్డకు మధ్యాహ్న భోజనము సరిగా అందినదా, మరుగుదొడ్డిలో నీరున్నదా, పుస్తకము తెరచి నాలుగు పంక్తులు చదువగలుగుచున్నదా అనునది ఆమెకు మనకంటె బాగుగా తెలియును. లెక్క వినిపింపకయే ఆమెచే వ్రేలిముద్ర వేయించుకొనుట ఆమెను అవమానించుటయే.

మూడవది వలస వచ్చిన పిల్లల విషయము. తమ పరిధిలో నివసించు పదునాలుగేండ్ల లోపు పిల్లల వివరములను నమోదు చేయుట, వలస కుటుంబముల పిల్లలను బడిలో చేర్పించుట స్థానిక సంస్థ బాధ్యతలని చట్టము 9వ సెక్షనులో చెప్పుచున్నది. వయస్సు ధ్రువపత్రము లేదనియు, బదిలీ పత్రము రాలేదనియు, సంవత్సరము నడుమ వచ్చినారనియు ప్రవేశము నిరాకరింపరాదు. ఈ సంగతి తెలియక, ఒక పత్రము కొరకు తిరిగి తిరిగి విసిగి, బిడ్డను తమతోపాటు పనిచోటికే తీసికొనిపోవు తల్లిదండ్రులుందురు. ఆ వేళ ఒక వార్డు సభ్యుడు వెంట నడచి బడికి వచ్చినచో ఒక బిడ్డ బ్రదుకు చక్కబడును.

అయితే కమిటీ సభ్యులు తనిఖీ అధికారులు కారు. ఉపాధ్యాయుని నలుగురిలో నిలదీయుట వలన మేలు కలుగదు. బోధన ఆయన బాధ్యత. బిడ్డను వేళకు పంపుట మన బాధ్యత. లోపమున్నచో కమిటీలో మర్యాదగా చెప్పి నిర్ణయమును పుస్తకమున వ్రాయింపవలెను. అప్పటికిని బిడ్డ హక్కునకు భంగము కలిగినచో స్థానిక అధికార సంస్థకు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవచ్చును. దానిపై మూడు నెలలలో నిర్ణయము చేయవలెనని 32వ సెక్షను చెప్పుచున్నది.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటను ఒకే దినమున తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశములు జరిగినవి. పండుగవలె ఒకనాడు కలిసికొనుట మంచిదే. కాని మిగిలిన దినములలో బడి గడప త్రొక్కుటకు తల్లిదండ్రులు జంకనప్పుడే ఆ బడి గ్రామమునకు చెందినదగును.

పంచాయతీ సమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు:

1. మన బడి కమిటీ గత సమావేశమునకు ఎందరు తల్లులు వచ్చిరి? రానివారు ఏల రాలేకపోయిరి?

2. గ్రాంటు లెక్కలను అందరి యెదుట చదివిన దినమేది?

3. మన గ్రామమున నున్నను బడి పట్టికలో పేరులేని బిడ్డలు ఎవరెవరు? వారి యింటికి మనలో ఎవరు పోవుదురు?