చల్లని మనసు, వెచ్చని మనసు

మనుష్యుని గుణము కంటికి కనబడునది కాదు. అందుచేత ఏ భాషవారైనను దానిని చెప్పవలసివచ్చినపుడు కంటికి కనబడు అవయవములను ఆశ్రయింతురు. తెలుగువారికి దయలేనివాడు రాతిగుండెవాడు. వినయము లేనివాడు తలబిరుసువాడు. పరుషముగా మాటలాడువానిది నోటిదురుసు. ఆంగ్లేయులును ఇట్లే చేయుదురు. వారి హృదయము, తల, చేయి, నాలుక, చర్మము, తుదకు కాలేయము సయితము గుణమును చెప్పు మాటలలో చేరినవి. ఇంగ్లీషు నేర్చుకొను తెలుగు విద్యార్థికి ఇట్టి మాటలు పరిచితములుగానే తోచును. అయినను వానిని కట్టుటలో ఒక చిక్కు, వాడుటలో ఒక అపాయము కలవు.

మొదట కట్టుబడి. 'కైండ్' అనగా దయగల, 'హార్ట్' అనగా హృదయము. ఈ రెంటిని చేర్చి 'కైండ్ హార్ట్ మ్యాన్' అని వ్రాయు విద్యార్థులు పెక్కుమంది. ఆంగ్లేయుడు 'కైండ్-హార్టెడ్ మ్యాన్' అనును. చివరనున్న 'ఎడ్' అను ప్రత్యయమును చూచి కొందరు దీనిని భూతకాలక్రియగా భ్రమింతురు. హృదయించుట యను క్రియ లేదు గదా! ఇచట ఆ ప్రత్యయమునకు 'కల' అని యర్థము. దయగల హృదయము కలవాడు 'కైండ్-హార్టెడ్'. ఇతరుల తలంపులను వినుటకు తలుపు తెరచిన మనస్సు కలవాడు 'ఓపెన్-మైండెడ్'. ఇరుకు బుద్ధి కలవాడు 'నారో-మైండెడ్'. ఇట్టే కోపము వచ్చువాడు 'షార్ట్-టెంపర్డ్'. ప్రత్యయమును విడిచినచో మనిషి పోయి అవయవము మాత్రమే మిగులును.

ఈ కట్టుబడి తెలుగువారికి క్రొత్తది కాదు. వ్యాకరణమున దీనికి బహువ్రీహి యని పేరు. సమాసములోని పదములు తమ్ము తాము చెప్పుకొనక వేరొకరిని చూపుట దీని లక్షణము. పాణిని అష్టాధ్యాయిలో దీనిని అన్యపదార్థమును చెప్పు సమాసముగా నిరూపించెను. బహువ్రీహి యను పేరే దీనికి ఉదాహరణము. వ్రీహి యనగా వడ్లు. బహువ్రీహి యనగా పెక్కు వడ్లు కావు, పెక్కు వడ్లు కలవాడు. ఐరోపా పండితులు సంస్కృత వ్యాకరణమును చదివిన పిమ్మట తమ భాషలలోని ఇట్టి సమాసములకును ఈ పేరునే వాడజొచ్చిరి. నేటి ఇంగ్లీషు భాషాశాస్త్ర గ్రంథములలోను ఆ పేరు అట్లే యున్నది.

సంస్కృతము కూడ కొన్నిచోట్ల ఇట్టి సమాసమునకు తుదిని ఒక ప్రత్యయమును చేర్చును. 'అన్యమనస్కుడు' అను మాటలో 'మనస్సు'నకు పిమ్మట వచ్చిన కకారము అట్టిది; ఇంగ్లీషులోని 'ఎడ్'కు అది అన్నవంటిది. విచిత్రమేమనగా అన్యమనస్కునికి సరియైన ఇంగ్లీషు మాట 'యాబ్సెంట్-మైండెడ్'. ఆంగ్లేయుని లెక్కలో వానికి మనస్సు హాజరు కాలేదు. సంస్కృతమున అది మరియొకచోట నున్నది. రెంటిలో సంస్కృత పదమే న్యాయముగా నున్నది. తరగతిలో కూర్చుండి కిటికీలోనుండి గాలిపటమును చూచు బాలునకు మనస్సు లేదనుట తగునా? అచ్చతెలుగున 'ముక్కంటి' యను మాట కలదు. శివునకు కన్నులు మూడైనను మాటలో బహువచనము కనబడదు. ఇంగ్లీషున 'టూ-ఫేస్డ్' అనునదియు నిట్టిదే. ముఖములు రెండు, మాటలోనున్నది మాత్రము 'ఫేస్' అను ఏకవచనమే. ఈ పోలికను గుర్తించిన విద్యార్థి ఇచట పొరబడడు.

నామవాచకమునకు 'ఎడ్' చేర్చుట ఇంగ్లీషువారిలో అందరికిని రుచింపలేదు. 1755లో గొప్ప నిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సన్, 1779 మొదలు 1781 వరకు వెలువడిన తన కవుల జీవితములలో ఈ యలవాటును ఆక్షేపించెను. థామస్ గ్రే వంటి విద్వాంసుడు తేనె యను మాటకు ఈ ప్రత్యయమును తగిలించి వసంతమునకు విశేషణముగా వాడుట ఆయనకు కష్టము కలిగించెను. కాని షేక్‌స్పియరును మిల్టనును అదివరకే ఆ మాటను వాడియున్నారు! జాన్సన్ తప్పుపట్టిన వానిలో 'కల్చర్డ్' ఒకటి. నేడు ఇంగ్లీషు రాని తెలుగువారును మర్యాదస్థుని గూర్చి చెప్పుచు ఆ మాటను పలుకుచుందురు. వ్యవహారము నిఘంటుకర్త యనుమతికై ఆగలేదు.

ఇక అపాయము. పదియేండ్ల బాలిక యొకతె సెలవులకు వెళ్లి వచ్చి తన అమ్మమ్మను గూర్చి ఇంగ్లీషున వ్యాసము వ్రాసినదనుకొనుడు. ఆ ముసలమ్మది చల్లని మనసు. ఇంటికి వచ్చినవారిని అన్నము పెట్టక పంపదు. బాలిక 'చల్లని'కి 'కోల్డ్' అనియు, 'మనసు'నకు 'హార్ట్' అనియు నిఘంటువులో చూచి, ప్రత్యయమును గూడ మరువక 'కోల్డ్-హార్టెడ్' అని వ్రాసినది. వ్యాకరణమున దోషము లేదు. అర్థము మాత్రము తలక్రిందులైనది. చదివిన ఆంగ్లేయుడు ఆ ముసలమ్మకు ప్రేమయే లేదని తలచును. అతని భాషలో ప్రేమగల హృదయము వెచ్చనిది. కావున వ్రాయదగినది 'వార్మ్-హార్టెడ్'.

తెలుగువాడు 'చల్లగా బ్రతుకు' మని దీవించును. 'నీ కడుపు చల్లగా' అనును. చంద్రునకు చలివెలుగు అని పేరు పెట్టెను, అదియును బహువ్రీహియే. రెంటచింతలలోను రామగుండములోను వేసవి నెరిగినవారికి చల్లదనము సుఖమనుటలో ఆశ్చర్యము లేదు. ఇంగ్లండు చలికాలమున వెచ్చదనము దొరకుటయే సుఖము. అయినను ఎండకును మంచునకును ఈ భేదమునంతయు అంటగట్టుట సరికాదు. తల విషయమున రెండు భాషలును ఏకీభవించుచున్నవి. తల వేడెక్కినవాడు మనకు కోపిష్ఠి, వారికి 'హాట్-హెడెడ్'. తొట్రుపడనివాడు వారికి 'కూల్-హెడెడ్', అది మెచ్చుకోలు. 'కోల్డ్-బ్లడెడ్' మాత్రము జాలి లేక కావించిన హత్యలకు వాడు మాట. కావున ఇట్టి మాటను ముక్కలు ముక్కలుగా అనువదింపరాదు, మొత్తముగా నేర్చుకొనవలెను.

చేతి మాటలలోను ఇట్టి గుంటలు కలవు. ధారాళముగా పెట్టు ఇల్లాలి చేయి పెద్దదని తెలుగున నందురు. ఇంగ్లీషున అట్టి యామె 'ఓపెన్-హ్యాండెడ్', లేదా 'బిగ్-హార్టెడ్'. 'హై-హ్యాండెడ్' అన్నచో ఇతరులను లక్ష్యపెట్టక అధికారము చెలాయించునదని యర్థము. 'బిగ్-హెడెడ్' అన్నచో గర్విష్ఠి. ఎంగిలిచేతితో కాకినైన తోలనివాడు 'టైట్-ఫిస్టెడ్'. వాని పిడికిలి విడదు. ఒకరియొద్ద ఒకటి, మరియొకరియొద్ద ఇంకొకటి చెప్పువానికి తెలుగువారు రెండు నాలుకలు పెట్టిరి, ఆంగ్లేయులు రెండు ముఖములు పెట్టిరి. దున్నపోతుమీద వాన కురిసినట్లుండువాడు 'థిక్-స్కిన్డ్'. కాని తెలుగు సామెత నిందయే, ఇంగ్లీషు మాట అప్పుడప్పుడు ప్రశంస యగును. విమర్శలకు క్రుంగని నాయకునికి మందమైన చర్మము కావలెనని వారందురు.

కాలేయపు మాట షేక్‌స్పియరు మ్యాక్బెత్ నాటకములో నున్నది: 'లిలీ-లివర్డ్'. కలువపూవువలె తెల్లనైన కాలేయము కలవాడని అర్థము. ధైర్యమునకు కాలేయము స్థానమని ఆ కాలపువారు నమ్మిరి. నెత్తురు లేక తెల్లబారిన కాలేయము పిరికివానికే యుండునట! వైద్యశాస్త్రము ఆ నమ్మకమును త్రోసివేసినది. మాట నిలిచినది.

క్రియల నుండి పుట్టిన మాటలు సులభములు. 'హార్డ్-వర్కింగ్' కష్టించి పనిచేయువాడు. 'ఈజీ-గోయింగ్' దేనికిని ఆరాటపడనివాడు. 'వెల్-బిహేవ్డ్' మంచి నడవడి కలవాడు. 'హార్డ్'కు బదులు 'హార్డ్‌లీ' అని పొరబాటున వ్రాసినచో, వాడు పనియే చేయడని యర్థము వచ్చును. రెండు పదములనడుమ గీయు చిన్న గీటును ఆంగ్లేయులు హైఫన్ అందురు. ఇట్టి విశేషణము నామవాచకమునకు ముందున్నపుడు సాధారణముగా దానిని విడువరాదు.

'ఎడ్' లేకయే నిలుచు బహువ్రీహులు కూడ ఇంగ్లీషున కొన్ని కలవు. 'బ్లాక్‌హెడ్' అట్టిది. బ్లాక్ అనగా కొయ్యమొద్దు. తెలుగువారు మొద్దుబుర్ర అని యందురు. ఇచటను 'కలవాడు' అను మాట లేదు. తిట్టువానికి ప్రత్యయము చేర్చు ఓపిక ఉండదు కాబోలు.