చికున్‌గున్యా – పగలు కుట్టే దోమ

చికున్‌గున్యా అనగానే చాలామందికి కోడి గుర్తుకొస్తుంది. ఈ జ్వరానికీ కోడికీ ఏ సంబంధమూ లేదు. 1952లో తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యికాలో, అంటే నేటి టాంజానియాలో, దీన్ని మొదట గుర్తించారు. అక్కడి మకొండే ప్రజల భాషలో ఈ మాటకు 'వంగిపోయేలా చేసేది' అని అర్థం. కీళ్ల నొప్పులతో మనిషి వంగి నడుస్తాడు కదా, అందుకే ఆ పేరు.

మన దేశంలో 1963లో కలకత్తాలో బయటపడింది. మరుసటి ఏడాది మద్రాసును, 1965లో విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిలను తాకింది. 1973లో మహారాష్ట్రలోని బార్షీలో కనిపించి, ఆ తర్వాత మాయమైంది. 32 ఏళ్ల తర్వాత, 2005 చివర్లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ పొరుగు రాష్ట్రాల్లోనూ మళ్లీ వచ్చింది. అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లే మంచం పట్టాయి. 2006లో దేశం మొత్తం మీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. ఈసారి వచ్చింది పాత ఆసియా రకం వైరస్ కాదు, ఆఫ్రికా రకం. పైగా ఆ మధ్యకాలంలో పుట్టినవారి ఒంట్లో దాన్ని ఎదుర్కొనే శక్తి లేదు. అప్పట్లో హాస్టళ్లలో ఉన్న అన్నలకు, అక్కలకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి.

దీన్ని మోసుకొచ్చేది ఏడిస్ దోమ. నల్లటి ఒంటి మీద, కాళ్ల మీద తెల్లటి చారలుంటాయి. మలేరియా దోమలా రాత్రి కాదు, ఇది పగలే కుడుతుంది. మనం రాత్రి దోమతెర కట్టుకుని ధైర్యంగా పడుకుంటాం. అది మాత్రం ఉదయం స్టడీ అవర్‌లోనో, సాయంత్రం ఆటస్థలంలోనో మన కాళ్లు వెతుక్కుంటుంది. గోడ అవతలి మురుగు కాలవను తిట్టీ లాభం లేదు. అందులో పెరిగేది ఎక్కువగా క్యూలెక్స్ దోమ. ఏడిస్‌కు మంచినీళ్లే ఇష్టం: మూత లేని ట్యాంకు, స్నానాల తొట్టి, డ్రమ్ము, పాత టైరు, కొబ్బరి చిప్ప. నీళ్లు రాని ఊళ్లో నీళ్లు దాచుకోక తప్పదు, దోమకు కావలసిందీ అదే. ఇది ఎక్కువ దూరం ఎగరదు కూడా. కనుక మనల్ని కుట్టే దోమ చాలావరకు మన ఆవరణలో పుట్టిందే.

హఠాత్తుగా తీవ్ర జ్వరం, మణికట్టు, చీలమండ, వేళ్ల కీళ్లలో భరించలేని నొప్పి, కొందరికి ఒంటిమీద దద్దుర్లు – ఇవీ లక్షణాలు. జ్వరం వారంలో తగ్గినా కీళ్ల నొప్పి కొందరిని నెలల తరబడి వదలదు. మొదటి అయిదారు రోజుల్లో వైరస్ జాడ కనిపెట్టేది ఆర్‌టి-పిసిఆర్ పరీక్ష. ఐజిఎం ఎలైజా పరీక్ష ఆ తర్వాతే సరిగా చూపిస్తుంది. రెండోరోజే ఎలైజా చేయించుకుని "లేదన్నారు" అనుకుంటే పొరపాటు. డెంగీ కూడా ఇలాగే మొదలవుతుంది. అది కాదని తేలేదాకా ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు వేసుకోకూడదు. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్, విశ్రాంతి, ద్రవాహారం చాలు. వైరస్‌ను చంపే మందు ఇంకా లేదు.

జ్వరం వచ్చిన తొలి వారం రోగి రక్తంలో వైరస్ ఉంటుంది. అప్పుడు కుట్టిన దోమే పక్క మంచం వాడికి అంటిస్తుంది. అందుకే డార్మిటరీలో జ్వరంతో ఉన్నవారికి పగలూ దోమతెర కట్టాలి. పొగమందు ఎగిరే దోమలనే చంపుతుంది, నీళ్లలోని లార్వాలను కాదు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి తొట్లు ఖాళీ చేయాలి. ఊరికే ఒంపేస్తే చాలదు. గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. బ్రష్షుతో రుద్ది కడగాలి. పైట్యాంకుకు మూత లేకపోతే వార్డెన్ గారికి రాసిద్దాం. మూత వచ్చేదాకా పాత దుప్పటి గట్టిగా కట్టినా దోమ లోపలికి పోలేదు.