సంజ్ఞా భాషను ఫోనులో నేర్చుకోవాలంటే

సెప్టెంబర్ 23 అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినోత్సవం. 1951లో ప్రపంచ బధిరుల సమాఖ్య ఏర్పడింది ఆ తేదీనే. ఆ రోజు చాలా పాఠశాలల్లో పిల్లలతో నాలుగు సైగలు చేయించి ఫోటోలు తీస్తారు. ఆసక్తి కలిగిన పిల్లలు ఇంటికొచ్చి "అమ్మా, నేర్పే యాప్ ఏదైనా డౌన్‌లోడ్ చెయ్యవా" అని అడుగుతారు. ఏ యాప్ అన్నదే అసలు ప్రశ్న.

ఫోనులో వెతికితే ముందు వరుసలో వచ్చేవి ఎక్కువగా అమెరికన్ సంజ్ఞా భాషవి. వాళ్ల అక్షరాలు ఒంటిచేత్తో చూపుతారు. భారతీయ సంజ్ఞా భాషలో చాలా అక్షరాలకు రెండు చేతులూ కావాలి. పదాలూ వేరే. రెండు నెలలు ఆ యాప్‌తో సాధన చేసిన పిల్లవాడు నందిగామ బస్టాండులో ఒక బధిర యువకుణ్ణి పలకరిస్తే, ఎదుటివాడికి అది పరాయి భాషే. అందుకని ముందుగా చూడాల్సింది 'ఇండియన్ సైన్ లాంగ్వేజ్' అన్న మాట ఉందా లేదా అని.

ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 పదాలతో వీడియో నిఘంటువు తెచ్చింది. 2021 నాటికి అది 10,000 పదాలకు పెరిగింది. 2022లో ఆ పదాలతో 'సైన్ లెర్న్' అనే ఉచిత యాప్ కూడా వచ్చింది. మొదలుపెట్టడానికి ఇది నమ్మదగిన చోటు.

అయితే నిఘంటువు బట్టీపడితే భాష రాదు. "అన్నం తిన్నావా?" అని అడిగేటప్పుడు తెలుగులో చివర దీర్ఘం తీస్తాం. సంజ్ఞా భాషలో ఆ పని కనుబొమ్మలు చేస్తాయి. అవి పైకి లేస్తే ప్రశ్న, లేవకపోతే మామూలు మాట. "నీ పేరు ఏమిటి?" అన్నప్పుడు ప్రశ్న పదం మనకులాగే చివరకు వస్తుంది. 'లేదు', 'కాదు' కూడా చివరే. ఇంగ్లీషు వాక్యంతో కుస్తీ పట్టే మన పిల్లలకు ఈ వరుస ఇంట్లో మాట్లాడుకునే వరుసలాగే అనిపిస్తుంది. వాక్యానికి తెలుగు అర్థం పక్కనే ఇచ్చే పాఠమైతే ఈ పోలిక వాళ్లకే దొరుకుతుంది. ఇంగ్లీషు ద్వారా నేర్పితే చేతిదాకా వచ్చిన సౌకర్యం పోతుంది.

ముఖమే వ్యాకరణం కనుక, చేతులను మాత్రమే చూపే వీడియో సగం పాఠమే. తల పైభాగం నుంచి నడుము దాకా కనిపించాలి. వెనుక గోడ ఒకే రంగులో ఉండాలి, పూలపూల కర్టెన్ ముందు వేళ్లు కనబడవు. నిదానంగా తిప్పుకునే వీలు, ఒకే సైగను పక్క నుంచి చూసే వీలు ఉండాలి. వీడియో చిన్నదై, ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా ఆడాలి. ఊరు దాటితే సిగ్నల్ ఎలా ఉంటుందో మనకు తెలియనిదా!

వెతుకులాట సంగతి చాలామంది తయారీదారులకు తట్టదు. పదం తెలిస్తే దాని సైగ దొరుకుతుంది, సరే. సైగ చూసి దాని అర్థం తెలియనివాళ్లు ఏ అక్షరం కింద వెతకాలి? చేతి ఆకారాన్ని, అది శరీరంలో తాకే చోటును ఎంచుకుని వెతికే ఏర్పాటు ఉంటేనే ఆ నిఘంటువు బధిరులకూ పనికొస్తుంది.

సైన్స్ ఫెయిర్ రోజుల్లో సైగలను మాటగా మార్చే గ్లౌజు తరచూ కనిపిస్తుంది. 2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థులిద్దరు అలాంటి గ్లౌజులకు 10,000 డాలర్ల బహుమతి అందుకున్నారు. కనుబొమ్మలను గ్లౌజు చదవలేదని, బధిరులను అడగకుండా చేశారని భాషావేత్తలు వెంటనే తప్పుపట్టారు. మీ అబ్బాయో అమ్మాయో ఇలాంటి ప్రాజెక్టు మొదలుపెడితే, సర్క్యూట్ కొనకముందే ఒక బధిర వ్యక్తిని కలిపించండి. యాప్‌కూ అదే కొలత: పాఠం చెప్పేది ఆ భాషలో పెరిగిన బధిర ఉపాధ్యాయులా, లేక రెండు వారాల శిక్షణ పొందినవారా?

ఇదంతా ఎవరికి ముఖ్యమంటే, బధిర పిల్లల్లో అత్యధికులు వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. జగ్గయ్యపేటలో అలాంటి ఒక ఇంటిని తలచుకోండి. అమ్మకు సైగలు రావు, బిడ్డకు మాట వినబడదు. మొదటి అయిదేళ్లు ఏ భాషా పూర్తిగా అందకపోతే తర్వాత చదువు, లెక్క, స్నేహం అన్నీ దెబ్బతింటాయి. సైగలు నేర్పితే మాట రాదన్న భయం ఇంకా వినబడుతుంది. బధిరుల బడుల్లో సైగలు వద్దని 1880లో మిలాన్ సభ చేసిన తీర్మానం నుంచి అది పాకింది. 2010లో వాంకూవర్ సభ ఆ తీర్మానాన్ని తిరస్కరించి విచారం ప్రకటించింది. వినికిడి యంత్రం పెట్టినా, స్పీచ్ థెరపీ చేయించినా, సైగలు పక్కన సాగవచ్చు. పక్కింటి పిల్లలకూ పది వాక్యాలు వస్తే ఆ బిడ్డకు ఆటలో చోటు దొరుకుతుంది. పెనుగంచిప్రోలు తిరునాళ్ల డప్పుల మధ్య మన గొంతు మనకే వినబడనప్పుడు, ఇబ్బంది లేకుండా కబుర్లు చెప్పుకునేది వాళ్లే!

జాతీయ సార్వత్రిక విద్యాపీఠం పదో తరగతిలో దీన్ని ఒక సబ్జెక్టుగా ఇస్తోంది. పీఎం ఈ-విద్యలో 31వ ఛానల్ 2024 డిసెంబర్ నుంచి సంజ్ఞా భాషకే కేటాయించారు. డబ్బు అడిగే యాప్ అయితే, కట్టేముందు ఫోను సౌండ్ పూర్తిగా ఆపి మొదటి పాఠం మొత్తం చూడండి. సూచనలు, తప్పొప్పులు, మార్కులు అన్నీ కంటికి తెలిశాయా? 'టింగ్' అన్న శబ్దంతో మాత్రమే "కరెక్ట్" చెప్పే యాప్‌ను అక్కడే తీసేయండి.