కవర్ లెటర్ లీవ్ లెటర్ కాదు

మనలో ఎవరిని నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేసే ఇంగ్లీష్ ఉత్తరం ఒకటుంది. "రెస్పెక్టెడ్ సర్, యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్..." ఆరో తరగతిలో నేర్పారు, ఇంజనీరింగ్ రెండో ఏడాదిలోనూ అదే వాడుతున్నాం. జ్వరం పోయి అక్క పెళ్లి వస్తుంది, తేదీ మారుతుంది, ఉత్తరం మాత్రం అదే. ఇంటర్న్‌షిప్‌కి కవర్ లెటర్ అడిగినా మన చెయ్యి అలవాటుగా ఆ దారిలోకే పోతుంది. చేతులు కట్టుకుని, కాస్త వంగి, "కైండ్లీ గ్రాంట్ మీ" అని రాసేస్తాం. చివర్లో "యువర్స్ ఒబీడియెంట్లీ" ఎలాగూ ఉంటుంది.

ఈ నెలలో మన డిపార్ట్‌మెంట్‌లో చాలామంది ఆఫ్-క్యాంపస్ ఇంటర్న్‌షిప్‌లకి అప్లై చేస్తున్నారు. మా రూమ్మేట్ కూడా. వాడు పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరాడు. టెన్త్ దాకా తెలుగు మీడియం. హాస్టల్ గదిలో నాలుగు రాత్రులు కూర్చుని వాడి ఉత్తరం తయారుచేశాం. రాసింది వాడు, చదివి కొట్టేసింది నేను. ఆ నాలుగు రాత్రుల్లో తేలిన సంగతులే ఇక్కడ రాస్తున్నా.

ముందు అసలు తేడా ఏంటో చూద్దాం. లీవ్ లెటర్‌లో మనం అడిగేది అనుమతి. ఇచ్చేవాళ్ల దగ్గర అధికారం ఉంది, మన దగ్గర జ్వరం ఉంది. కవర్ లెటర్‌లో సీన్ వేరు. అవతలివాళ్లకి ఒక పని ఉంది, అది చేసే మనిషి లేడు. "ఆ పని నాకు వచ్చు, ఇదిగో రుజువు" అని మనం చెప్తున్నాం. కాబట్టి బతిమాలక్కర్లేదు, గొప్పలూ అక్కర్లేదు. రెజ్యూమేకి, దీనికి తేడా కూడా ఇక్కడే ఉంది. రెజ్యూమే ఒక జాబితా: చదువు, మార్కులు, ప్రాజెక్టులు, వచ్చిన లాంగ్వేజీలు. అందులో ఉన్న పది విషయాల్లోంచి ఈ కంపెనీకి, ఈ పనికి పనికొచ్చే ఒకటో రెండో తీసి, అవెందుకు పనికొస్తాయో చెప్పేది కవర్ లెటర్. రెజ్యూమేనే వాక్యాలుగా మార్చి మళ్లీ రాస్తే చదివేవాళ్లకి రెండుసార్లు విసుగు.

మన పాత తెలుగు ఉత్తరాల్లో "ఉభయ కుశలోపరి" అని ఒక మాట ఉండేది. మా తాతయ్య దగ్గరున్న ఇన్‌లాండ్ కవర్లలో చూశాను. ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాం, ఆ పైన అసలు విషయం ఏంటంటే... అని అర్థం. అంటే కుశల ప్రశ్నలన్నీ ఒక్క మాటలో దాటేసి పనిలోకి దిగిపోవడం. ఎంత తెలివైన పద్ధతో! కవర్ లెటర్‌లో మనవాళ్లు ఆ "ఉపరి"కి చేరేసరికి సగం పేజీ అయిపోతుంది. "మీ ప్రతిష్ఠాత్మక సంస్థ" అంటూ పొగుడుతూ ఒక పేరా, "నేను కష్టపడే తత్వం గలవాణ్ణి" అని ఇంకో పేరా. మొదటి రెండు వాక్యాల్లో చెప్పాల్సినవి మూడే: ఏ ఉద్యోగానికి రాస్తున్నారు, మీరెవరు, మీ దగ్గరున్న బలమైన ఒక్క కారణం ఏంటి.

బాగా రాసిన ఉత్తరం ఎలా ఉంటుందో చూడాలంటే నాకు తెలిసి శ్రీనివాస రామానుజన్‌ని మించినవాళ్లు లేరు. ఆయనకి డిగ్రీ లేదు. గణితం తప్ప మిగతా సబ్జెక్టులు పట్టించుకోక ఎఫ్.ఏ. గట్టెక్కలేదు. 1912 ఫిబ్రవరిలో మద్రాస్ పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తా ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నారు. మెట్రిక్యులేషన్ పాసయ్యానని, ఎఫ్.ఏ. వరకు చదివానని, పరిస్థితులు కలిసిరాక చదువు ఆగిందని, అప్పట్నుంచి గణితం మీదే ఉన్నానని, ఈ పనికి న్యాయం చేయగలనని అందులో చెప్పారు. అంతే. ఖాళీగా గడిచిన ఏళ్లని దాచలేదు, వాటి గురించి ఏడవనూ లేదు. ఆగిందన్నారు, ఆ సమయంలో ఏం చేశారో చెప్పారు. గణితం ప్రొఫెసర్ ఒకరి సిఫారసు ఉత్తరం జతచేశారు. మార్చి 1న నెలకి 30 రూపాయల జీతం మీద చేరారు.

తర్వాతి ఏడాది, 1913 జనవరి 16న, కేంబ్రిడ్జ్‌లో ఉన్న హార్డీకి రాసిన ఉత్తరం ఇంకా గొప్పది. పోర్ట్ ట్రస్ట్ అకౌంట్స్‌లో గుమాస్తానని, జీతం ఇంతేనని మొదటి వాక్యంలోనే చెప్పేశారు. యూనివర్సిటీ చదువు లేదని కూడా. ఆ తర్వాత చేసిన పని చూడండి. హార్డీ రాసిన ఒక చిన్న పుస్తకంలో 36వ పేజీ ప్రస్తావించి, ప్రధాన సంఖ్యల గురించి మీరు ఇంకా తెలియలేదన్న ఫలానా విషయం నేను కనుక్కున్నాను అన్నారు. కంపెనీ గురించి రీసెర్చ్ చేయమని మన ట్రైనింగ్ క్లాసుల్లో చెప్తారు కదా, దాని అసలు అర్థం ఇది. వెబ్‌సైట్‌లో "అబౌట్ అస్" కాపీ కొట్టడం దీని కిందికి రాదు. అవతలి మనిషి ఏ పేజీలో ఆగిపోయాడో పట్టుకోవాలి. ఉత్తరంతో పాటు సిద్ధాంతాల కాగితాలు పెట్టారు. ఇప్పటి భాషలో అది గిట్‌హబ్ లింక్. (ప్రధాన సంఖ్యల ఫార్ములా ఆయన అనుకున్నంత కచ్చితం కాదని తర్వాత తేలింది. మిగతా కాగితాలు చాలు, 1914లో ఓడ ఎక్కించడానికి.) కేంబ్రిడ్జ్‌లోనే ఇంకో ఇద్దరికి అంతకుముందు రాస్తే పని జరగలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

అవును, ఆయన కూడా "ఐ బెగ్" అనే మొదలుపెట్టారు. అప్పటికి అది మామూలు మర్యాద. మనం వందేళ్ల తర్వాత కూడా దాన్ని పట్టుకు వేలాడటం వేరే సంగతి.

మా వాడి విషయానికొస్తే, వాడి రెజ్యూమేలో ఒక ఏడాది ఖాళీ ఉంది. పాలిటెక్నిక్ అయ్యాక వాళ్ల నాన్నకి బండి మీద యాక్సిడెంట్ అయి కాలు విరిగింది. ఊళ్లో వాళ్లది ఎరువుల కొట్టు. ఏడాదిపాటు వీడే కూర్చున్నాడు. ఈ వేసవికి స్టైపెండ్ వచ్చే ఇంటర్న్‌షిప్ దొరికితే ఆ డబ్బుతో కొట్లో ఒక మనిషిని పెట్టుకోవచ్చు. దొరక్కపోతే జూన్‌లో ఖరీఫ్ మొదలవగానే మళ్లీ వీడే వెళ్లాలి. కాబట్టి ఈ ఉత్తరం వాడికి సరదా కాదు. కానీ మొదటి డ్రాఫ్ట్‌లో ఆ ఏడాది ఊసే లేదు. "హార్డ్‌వర్కింగ్, డెడికేటెడ్, పాషనేట్" మాత్రం వరసగా ఉన్నాయి.

"ఆ ఏడాది సంగతి ఎందుకు రాయలేదురా?" అన్నాను.

"ఏం రాయమంటావ్ రా? యూరియా బస్తాలు అమ్మానని రాస్తే నవ్వరా?"

"అమ్మడం ఒక్కటేనా చేసింది?"

అప్పుడు చెప్పాడు, తెలుగులో, చక్కగా. రైతులు సీజన్ మొదట్లో ఎరువులు, పురుగుమందులు అరువు పట్టుకెళ్లి పంట అమ్మాక కడతారు. మూడు ఖాతా పుస్తకాలు, దాదాపు 140 కుటుంబాలు. ఎవరెంత బాకీ అని అడిగితే పుస్తకం తిరగేయడానికే పావుగంట. వీడు పైథాన్‌లో, ఎస్‌క్యూలైట్ పెట్టి చిన్న ప్రోగ్రాం రాశాడు. మొదట పేరుతో వెతికేలా పెట్టాడు. ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు నలుగురు. సరే, ఫోన్ నంబర్ పెట్టాడు. అన్నదమ్ములిద్దరిది ఒకటే ఫోన్, బాకీలు వేరు! చివరికి ఒక్కో ఖాతాకి సొంతంగా ఒక నంబర్ ఇచ్చి, ఆ నంబర్ పాత పుస్తకంలో పేజీ మీద కూడా రాశాడు. ప్రైమరీ కీ అంటే ఏంటో నేను డీబీఎంఎస్ క్లాసులో చదువుకున్నా. వాడు అరువు ఖాతాల దగ్గర కనుక్కున్నాడు.

వాడు అప్లై చేస్తున్న కంపెనీ చిన్న షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది! ఇది దాచిపెడతానంటాడేంటి?

ఇక్కడొక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంగ్లీషులో ఆలోచించడం నాకు వచ్చనుకుంటారు. నిజానికి మనలాంటివాళ్లకి వచ్చింది ఆలోచన కంటే ముందే నోటికొచ్చే రెడీమేడ్ వాక్యాలు. వాడికి ఆ వాక్యాలు లేవు కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పాడు. అందుకే నా సలహా: ముందు మీ ఫ్రెండ్‌కి తెలుగులో చెప్పండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, ఆ తర్వాతే ఇంగ్లీషులో పొట్టి పొట్టి వాక్యాలుగా రాయండి. వాడి రెండో పేరా ఇలా వచ్చింది, అర్థం తెలుగులో ఇస్తున్నా: "డిప్లొమా తర్వాత, నాన్నగారు గాయం నుంచి కోలుకునేవరకు ఏడాదిపాటు మా ఎరువుల దుకాణం నడిపాను. సుమారు 140 అరువు ఖాతాలను కాగితం నుంచి నేను పైథాన్‌లో రాసిన ప్రోగ్రాంలోకి మార్చాను. బాకీ చూడటానికి పావుగంట పట్టేది ఇప్పుడు నిమిషంలోపే అవుతోంది. దుకాణంలో నేటికీ అదే వాడుతున్నారు." విశేషణం ఒక్కటీ లేదు. పాషనేట్ అని వేరే చెప్పాలా?

చాట్‌బాట్‌తో రాయించుకోవచ్చు కదా అనొచ్చు. గ్రామర్ చూపించుకోండి, తప్పులేదు. కానీ అన్నదమ్ముల ఒకే ఫోన్ సంగతి దానికి తెలియదు, మీరు చెప్తే తప్ప. నేను పెట్టే పరీక్ష సింపుల్: ఉత్తరంలో మీ పేరు తీసేసి బెంచ్‌మేట్ పేరు పెట్టండి. ఇంకా సరిపోతుంటే మళ్లీ రాయాలి. కంపెనీ పేరు మార్చి కూడా ఇదే చూడండి.

ఇక ఫార్మాట్. దీని మీద మనవాళ్లు అనవసరంగా ఎక్కువ టైమ్ పెడతారు, నేను తొందరగా ముగిస్తా. ఏ4 పేజీ ఒక్కటే, నాలుగు వైపులా అంగుళం మార్జిన్, కాలిబ్రీ లాంటి మామూలు ఫాంట్ 11 సైజు. అంతా ఎడమ అంచుకే, పేరా మొదట్లో జాగా వదలకుండా, పేరాల మధ్య ఒక ఖాళీ లైను. మూడు నాలుగు పేరాలు, 300 పదాల చుట్టూ. పైన పేరు, ఫోన్, మెయిల్, గిట్‌హబ్. ఆ కింద తేదీ. నెలని అక్షరాల్లో రాయండి, ఎందుకంటే 05/06 అంటే మనకి జూన్ 5, అమెరికావాళ్లకి మే 6. తర్వాత ఎవరికి రాస్తున్నారో వాళ్ల పేరు, హోదా, కంపెనీ. పేరు దొరికితే పేరుతోనే పిలవండి, "డియర్ మిస్ ఫలానా" అని. ఇంగ్లీషులో "గారు" లేదు కదా అని రెస్పెక్టెడ్ తగిలించక్కర్లేదు. బ్రిటిష్ పద్ధతిలో పేరుతో మొదలుపెడితే చివర "యువర్స్ సిన్సియర్లీ", "డియర్ సర్ ఆర్ మేడమ్" అంటే "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ". పేరు దొరకనప్పుడు "డియర్ హైరింగ్ మేనేజర్" అని మొదలుపెట్టి "సిన్సియర్లీ" అని ముగిస్తే ఎక్కడైనా నడుస్తుంది.

తండ్రి పేరు, పుట్టినతేదీ, ఫొటో, ఆధార్ నంబర్ పెట్టొద్దు. అవి బయోడేటా కాలం అలవాట్లు. "ఐ హియర్‌బై డిక్లేర్" కూడా అక్కర్లేదు.

చివరి పేరాలో "డూ ద నీడ్‌ఫుల్" బదులు పనికొచ్చే సమాచారం ఇవ్వండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఖాళీ, హైదరాబాద్ వచ్చి చేయగలరా, ఎప్పుడు ఫోన్ చేయొచ్చు. పీడీఎఫ్‌గా సేవ్ చేసి, ఫైల్ పేరులో మీ పేరు, కవర్ లెటర్ అన్న మాట పెట్టండి. "ఫైనల్ ఫైనల్ 2" వద్దు. మెయిల్‌లోనే అడిగితే అడ్రస్, తేదీ తీసేసి ఉత్తరాన్ని మెయిల్ బాడీలోనే పెట్టండి. ఖాళీ మెయిల్‌కి "పీఎఫ్ఏ" అని అటాచ్‌మెంట్ తగిలించి పంపితే తెరవాలని ఎవరికనిపిస్తుంది? పంపేముందు మీకు మీరే పంపుకుని ఫోన్‌లో తెరిచి చూడండి.

పంపాక వారం, పది రోజులు ఆగి అదే మెయిల్‌కి రెండు లైన్లలో ఒక్కసారి గుర్తుచేయొచ్చు. రెండోసారి వద్దు.

మా వాడు మంగళవారం పంపాడు. ఇంకా జవాబు రాలేదు. ఈలోగా మందుల షాపుల స్టాక్ లెక్కల సాఫ్ట్‌వేర్ చేసే ఇంకో కంపెనీ దొరికింది. దానికి మొదటి పేరా, మూడో పేరా కొత్తగా రాయాలి. ఖాతా పుస్తకాల పేరా అలాగే ఉంటుంది.